బొంతమ్మ తన చెయ్యి మీద తనే కూర్చుంది

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పులి ఎక్కడ అని అడక్కండి. పులి ఉంది గానీ ఈ కథలోకి రాదు. పులుల కథలు చెప్పేంత ధైర్యం నాకు లేదు. ముద్దల కథ అయితే చెప్పగలను. పిల్లకి పెట్టబోయి, పిల్ల వద్దంటే, పారెయ్యడం ఎందుకులే అని నేనే తినేసిన ముద్దలు చాలా ఉన్నాయి. నా పొట్ట చూసిన వాళ్లెవరూ ఆ మాట కాదనరు.

సరే, ఆ అడవిలో కొండవారన ఒక రాతి గుహ. గుహలో బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఒళ్లంతా పాత బొంతలాగా జుట్టు, అందుకని ఆ పేరు. బొంతమ్మకి లేక లేక ఒక కొడుకు పుట్టాడు. పుట్టినప్పుడు తల్లి గుప్పెట్లో సరిగ్గా పట్టాడు. అందుకని వాడికి గుప్పెడు అని పేరు పెట్టుకుంది. పేరు ముద్దుగానే ఉంది. ఆ పేరుతో చిక్కు తర్వాత వచ్చింది.

మొదటి మూడు నెలలూ ఏ బాధా లేదు. ఆకలేస్తే వాడు పాలు తాగేవాడు. కడుపు నిండితే తల్లి వీపెక్కి, జుట్టు పట్టుకుని నిద్రపోయేవాడు. ఎలుగు పిల్లలకి తల్లి వీపే ఉయ్యాల, తల్లి వీపే ఇల్లు. ఏదైనా అపాయం వస్తే తల్లి పరుగెత్తుతుంది, పిల్ల పట్టు వదలకూడదు. ఆ ఇంట్లో ఉన్న చదువంతా అదే.

నాలుగో నెల వచ్చింది. ఇక పాలొక్కటే చాలవు. ఎలుగులకి ఒక ఆచారం ఉంది. తల్లి వెలగపళ్లూ, ఇప్పపూలూ, పనసతొనలూ కడుపునిండా తింటుంది. కాసేపు కడుపులో నాననిస్తుంది. తర్వాత మెత్తగా బయటికి తీసి రాతి మీద పరుస్తుంది. అది ఎండకి గట్టిపడి రొట్టె అవుతుంది. ఎలుగు పిల్లకి మొదటి తిండి అదే. మీరు ముక్కు మూసుకోకండి. మనం మిక్సీలో తిప్పుతాం, వాళ్లు పొట్టలో తిప్పుతారు. తేడా అంతే.

అడవి తల్లులందరికీ కలిపి ఇంకో ఆచారం కూడా ఉంది. వాగు ఒడ్డున నీళ్ల మీదికి వాలిన కొమ్మ ఒకటి ఉంది. దాన్ని తూగుకొమ్మ అనేవాళ్లు. ప్రతి పున్నమి నాడు పొద్దున్నే తల్లులు పిల్లల్ని తెచ్చి ఆ కొమ్మ చివర కూర్చోబెట్టేవాళ్లు. కొమ్మ ఎంత వంగితే పిల్ల అంత పెరిగినట్టు. కింద నీళ్లలో ఉన్న తాబేలు తాత తల బయటపెట్టి చూసి, బెత్తెడు అనో, జానెడు అనో, మూరెడు అనో చెప్పేవాడు.

ఆ పున్నమికి గుప్పెడు కూడా కొమ్మెక్కాడు. కొమ్మ చిన్నగా ఊగి ఆగింది.

“బెత్తెడు,” అన్నాడు తాబేలు తాత.

వాడి తర్వాత అడవిపంది వాళ్ల కడగొట్టు పిల్ల ఎక్కింది. జానెడు. పక్కనే ఉన్న కోతి రంగమ్మ పేలు చూసుకుంటూ మెల్లిగా అంది.

“ఏం వదినా, గుప్పెడని పేరు పెట్టావు, వాడు అక్కడే ఆగిపోయాడా?”

అందరూ నవ్వారు. బొంతమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం ఏడ్చింది.

ఏడుపయ్యాక కళ్లు తుడుచుకుని రొట్టె చేసింది. తన అరచెయ్యి అంత ముద్ద తుంచి కొడుకు నోట్లో పెట్టింది. ఎలుగుబంటి అరచెయ్యి ఎంత ఉంటుందో మీకు తెలుసు కదా. పాపం, వాడు పుట్టాక పాలు తప్ప ఏమీ ఎరగడు. నాలుకతో బయటికి తోశాడు. బొంతమ్మ వేలితో లోపలికి తోసింది. వాడు మళ్లీ బయటికి, ఈవిడ మళ్లీ లోపలికి. చివరికి వాడు నోరు బిగించేశాడు.

ఆ ఇంట్లో ముద్ద దిగట్లేదన్న సంగతి అడవంతా పాకింది. అడక్కుండానే సలహాలు వచ్చాయి.

మొదట కోతి రంగమ్మ వచ్చింది. “బుగ్గలో కుక్కు వదినా. రెండు బుగ్గలూ నింపేసి నోరు మూసి పట్టుకో. ఎక్కడికి పోతాడు?” అంది. కోతులకి బుగ్గల్లోనే సంచులుంటాయి. ఎలుగులకి ఉండవన్న సంగతి రంగమ్మకి తట్టలేదు, బొంతమ్మకి గుర్తు రాలేదు. గుప్పెడు ఆ ముద్దని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నోట్లో పెట్టుకునే ఉన్నాడు. తర్వాత తల్లి వీపెక్కి, ఆమె మెడ మీద శుభ్రంగా దింపేసి పడుకున్నాడు.

తర్వాత గోరింక వచ్చింది. పిల్లలకి ఆట కావాలి అక్కా, నేను ఆడిస్తాను, వాడు నోరు తెరిచి చూస్తుంటే నువ్వు పెట్టెయ్ అంది. తోక ఊపింది, గెంతింది, పాడింది. వాడు నోరు తెరిచాడు. మొదటి రోజు ఏడు ముద్దలు పోయాయి. బొంతమ్మ సంబరం చెప్పనలవి కాదు. రెండో రోజు ఏడు ముద్దలకి పద్నాలుగు పాటలు కావాల్సి వచ్చాయి. నాలుగో రోజుకి పాట లేనిదే నోరు లేదు. పైగా ఏం తింటున్నాడో వాడికే తెలియదు. ముద్దలో గులకరాయి వచ్చినా మింగేశాడు. పది రోజులకి గోరింకకి గొంతు పోయింది. “నాకూ పిల్లలున్నారక్కా,” అని బొంగురుగొంతుతో చెప్పి ఎగిరిపోయింది.

ఇంతలో పున్నమి రేపనగా కొండచిలువ మామ పాక్కుంటూ వచ్చాడు. రోజుకి మూడుసార్లు ఈ బాధేంటమ్మా అన్నాడు. నన్ను చూడు, నెలకోసారి తింటాను, నాకేం తక్కువ అన్నాడు. “రేపు తూగుకొమ్మ ఉంది కదా. ఇవాళే ఒక్కసారిగా నింపెయ్. అందరి నోళ్లూ మూతబడతాయి.”

అందరి నోళ్లూ మూతబడతాయన్న మాట బొంతమ్మకి తియ్యగా వినిపించింది. ఆ సాయంత్రం కొడుకుని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. “ఇదే ఆఖరి ముద్ద నాన్నా, ఇంకేం లేదు,” అంది. అలా పదిహేడు సార్లు అంది.

పొద్దున గుప్పెడుని కొమ్మ మీద కూర్చోబెట్టగానే కొమ్మ కిందికి దిగిపోయింది. మూరెడు వంగింది. అడవిపంది పిల్లల తల్లి పందమ్మ ముక్కున వేలేసుకుంది. రంగమ్మ పేలు చూడ్డం ఆపేసింది. బొంతమ్మ ఒక్కొక్కరి వైపూ తిరిగి అందరి మొహాలూ చూసింది, ఒక్క కొడుకు మొహం తప్ప.

గుప్పెడు బిక్కమొహం వేశాడు. వాడి పొట్ట గుడగుడలాడింది. పదిహేడు ముద్దలూ ఒక్కసారిగా వచ్చిన దారినే బయటికి వచ్చేశాయి. కింద తల పైకెత్తి చూస్తున్న తాబేలు తాత నెత్తి మీద పడ్డాయి. కొమ్మ సర్రున పైకి లేచింది.

తాబేలు తాత మొహం కడుక్కుని, “బెత్తెడు,” అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వచ్చే దారిలో అసలు భయం పట్టుకుంది. గుప్పెడు తల్లి వీపు మీంచి జారి కిందపడ్డాడు. ఎత్తి కూర్చోబెడితే మళ్లీ జారాడు. జుట్టు పట్టుకునే బలం వాడి వేళ్లలో లేదు. ఇప్పుడు గనక ఏదైనా మీదికొస్తే తాను పరుగెత్తుతుంది గానీ వాడు దారిలో ఉండిపోతాడు. ఆ ఆలోచన రాగానే బొంతమ్మ ఇక వాణ్ణి వీపెక్కించలేదు. వాణ్ణి నోట కరుచుకుని ఇంటికి చేరింది. నిమురుదామని చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూడగానే వాడు కళ్లు మూసుకుని, నోరు బిగించి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజు పాలు కూడా సరిగ్గా తాగలేదు.

మర్నాడు పొద్దున్నే కొడుకుని నోట కరుచుకుని బొంతమ్మ వాగు దగ్గరికి వెళ్లింది. నెత్తి మీద కక్కించినందుకు తాబేలు తాతకి క్షమాపణ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. వాడికి ఎలా పెట్టాలో చెప్పు తాతా అని అడిగింది.

“నన్నా అడుగుతున్నావు తల్లీ?” అన్నాడు తాబేలు తాత. “మా పిల్లలు ఇసుకలో గుడ్డు పగలగొట్టుకుని, నా మొహమైనా చూడకుండా నీళ్లలోకి పోతారు. ఒక్కరికి ఒక్క ముద్ద పెట్టి ఎరగను. ఇలాంటి విషయాల్లో నా అంత పనికిమాలినవాడు ఈ వాగులోనే లేడు.”

“అయినా చెప్పు తాతా. అనుభవం ఉన్నవాళ్లు చెప్పినవన్నీ అయిపోయాయి.”

తాబేలు తాత కాసేపు తల లోపలికి లాక్కుని ఆలోచించాడు. తర్వాత బయటికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

“పైన మీరందరూ కొమ్మ వంక చూస్తారు. నేను కింద ఉంటాను కదా, నాకు పిల్లల మొహాలే కనిపిస్తాయి. నీ వాడు నిన్న తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, నాలుక బయట పెట్టాడు. మాటలు రాని వాడు అంతకన్నా ఎలా చెబుతాడు? అది సరే, నువ్వు తిన్నావా?”

బొంతమ్మకి గుర్తు రాలేదు. నిన్న తినలేదు. మొన్న సంగతి తెలియదు.

“ముందు నువ్వు తిను,” అన్నాడు తాత. “వాడికి ఎదురుగా కూర్చుని తిను. నీ చెయ్యి మాత్రం వాడి నోటి దగ్గరికి పోనియ్యకు.”

“పోతుంది తాతా. అలవాటైపోయింది.”

“చెయ్యి నీది. దాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం,” అని ఆయన నీళ్లలోకి జారిపోయాడు.

బొంతమ్మ ఇంటికి వచ్చి రొట్టె చేసింది. ఈసారి ఎండనివ్వలేదు. కొంచెం వాగు నీళ్లు కలిపి జారుగా చేసి, రాతి మీద పెట్టుకుని కూర్చుంది. గుప్పెడు గోడ దగ్గరే ఉన్నాడు. వాడి వైపు చూడకుండా తినసాగింది. ఎలుగుబంట్లు నిశ్శబ్దంగా తినలేవు. చప్పరింపులు కొండవతల దాకా వినబడతాయి.

చాలాసేపటికి గోడ వైపున్న మొహం ఇటు తిరిగింది. ఇంకాసేపటికి వాడు ఒక అడుగు వేశాడు, ఆగాడు, ఇంకో అడుగు వేశాడు. దగ్గరికొచ్చి తల్లి మూతి వాసన చూశాడు. చిన్న నాలుక చాచి, తల్లి గడ్డానికి అంటుకున్న గుజ్జు ఒక్కసారి నాకాడు.

వెంటనే బొంతమ్మ కుడిచెయ్యి దానంతటదే లేచింది, వేళ్లు ముద్ద తుంచాయి, ముద్ద వాడి నోటి వైపు బయలుదేరింది. సగం దారిలో వాడి కళ్లు మూతబడటం బొంతమ్మ చూసింది.

ఆగింది. ముద్ద కింద పెట్టేసింది. ఆ చెయ్యిని తన కిందకి తోసుకుని, దాని మీద తనే కూర్చుంది. అంత బరువు కింద చెయ్యి నలిగిపోయింది. అయినా లేవలేదు.

గుప్పెడు ఒక కన్ను తెరిచి చూశాడు. చెయ్యి లేదు. ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు. తల్లి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, మళ్లీ ఆమె గడ్డం నాకాడు. రెండుసార్లు. తర్వాత మొహం పక్కకి తిప్పాడు. బొంతమ్మ మిగిలింది తను తినేసి, వాడికి పాలిచ్చింది. ఆ రోజు వాడు పాలు కడుపునిండా తాగాడు.

ఒక్క రోజులో అన్నీ సర్దుకున్నాయని చెబితే మీరు నమ్మరు, మీ అమ్మలు అసలే నమ్మరు. ఒక రోజు రెండు నాకులు నాకేవాడు. మర్నాడు అదీ లేదు. ఆ మర్నాడు రాతి మీది గుజ్జులో మొహం ముంచేసేవాడు. కొన్నాళ్లకి జారు చాలక చిక్కనిది కావాలన్నాడు. ఇంకొన్నాళ్లకి కొరకడానికి ముక్క కావాలన్నాడు. తినేటప్పుడు మూతికి సగం, పొట్టకి సగం, చెవుల్లో కూడా కాస్త. ఇదివరకైతే బొంతమ్మ వెంటనే నాకి తుడిచేసేది. ఇప్పుడు చెయ్యి మీద కూర్చుని ఉంది కదా, తుడవలేకపోయింది. ఆ గుజ్జు వాసనకి చీమలు వచ్చి వాడి కాలెక్కాయి. గుప్పెడు వాటినీ నాకాడు. నాకి, ఆశ్చర్యపోయి, ఇంకా ఎక్కడున్నాయా అని చీమల బారు వెంట వెతుక్కుంటూ పుట్ట దాకా వెళ్లాడు. ఎలుగుబంటికి పుట్ట దొరికితే ఇక పండగే. ఆ పండగని వాడికి ఎవరూ నోట్లో పెట్టలేదు.

తర్వాతి పున్నమికి జానెడు వంగింది. రంగమ్మ వచ్చి ఏం పెడుతున్నావు వదినా అని గుచ్చి గుచ్చి అడిగింది. చెయ్యి మీద కూర్చుంటున్నాను అని బొంతమ్మ నిజమే చెప్పింది. రహస్యం దాచుకుంటోందని రంగమ్మ మూతి ముడుచుకుంది.

ఆ పై పున్నమికి బొంతమ్మ వాగుకి వెళ్లడమే మరిచిపోయింది. అప్పటికి తునికిపళ్లు పండాయి, గుప్పెడుకి మాటలూ వచ్చాయి. గుప్పెడు చెట్టెక్కాడు. గోళ్లతో బెరడు గట్టిగా పట్టుకుని, పండ్లున్న కొమ్మ చివర దాకా పాకాడు. కొమ్మ మూరెడు పైగానే వంగింది. బొంతమ్మ అది చూడలేదు. ఆమె వాడి మొహమే చూస్తోంది.

వాడు కడుపునిండా తిన్నాడు. దిగేటప్పుడు తల్లి కోసం పండ్లున్న రెమ్మ ఒకటి నోట కరుచుకుని తెచ్చాడు. ఒక్కొక్కటే తీసి ఆమె నోట్లో పెట్టాడు. బొంతమ్మ మురిసిపోయి తింది. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదోదానికి మొహం పక్కకి తిప్పింది.

“ఇదే ఆఖరిదమ్మా,” అన్నాడు గుప్పెడు. “ఇంకేం లేదు.”

ఆ మాట వాడు ఎక్కడ నేర్చుకున్నాడో బొంతమ్మకి తెలుసు. కళ్లు దించుకుంది.

“చాలు నాన్నా,” అంది మెల్లిగా.

గుప్పెడు చెయ్యి గాల్లోనే ఆగింది. తల్లి మొహం కాసేపు చూశాడు. పండుని తన నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఆ చెయ్యిని తన కిందకి తోసుకుని, దాని మీద బుద్ధిగా కూర్చున్నాడు.

నీతి: మంచి తిండి ఎదుట పెట్టి ఓపికగా కూర్చోవడం పెద్దల పని, ఎంత తినాలో పిల్ల కడుపు చెబుతుంది, దాన్ని విని చెయ్యి ఆపుకోవాలి.