గరిటెడు తోటకూర వ్రతం

వెంకోబాచారికి మందులతో ఏ గొడవా లేదు. మూడు మాత్రలూ వేళకు బుద్ధిగా మింగేవాడు. గొడవంతా వ్రతంతో వచ్చింది.

ఆయన మా రాతిగట్టు మఠంలో పాటగాడు. తుంగభద్ర ఒడ్డున చిన్న మఠం మాది. నేను అందులో ఉత్తరాలు రాసే గుమాస్తాను. కిందటి కార్తీకంలో కర్నూలులో ఆయనకు గుండె ఆపరేషన్ చేసి, పాడైన వాల్వు తీసేసి, లోహంతో చేసినది పెట్టారు. అప్పట్నుంచీ పూజలో అందరూ మౌనంగా ఉండే వేళ ఆయన ఛాతీలోంచి టిక్కు టిక్కుమని వినబడుతుంది. కొత్తగా వచ్చిన భక్తులు గోడ మీద గడియారం కోసం వెతుకుతారు. మేము నవ్వు ఆపుకోలేక చస్తాం. పెద్ద స్వాములు మాత్రం "తాళం తప్పని పాటగాడు దొరికినాడు" అని మురిసిపోతారు.

ఆషాఢ ఏకాదశి వచ్చింది. ఆ రోజు నుంచి నాలుగు నెలలు చాతుర్మాస్యం. స్వాములు మఠం విడిచి ఎక్కడికీ వెళ్లరు. మొదటి నెల ఆకుకూరలూ కాయగూరలూ వంటింట్లోకి రావు. రెండో నెల పెరుగు మానాలి, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు. స్వాములకు ఇది తప్పనిసరి. మిగతావాళ్లం ఎవరి ఓపిక కొద్దీ వాళ్లం ఆయన ముందు నీళ్లు వదిలి సంకల్పం చెప్పుకుంటాం.

వెంకోబాచారి అందరికంటే ముందు వెళ్లి చెప్పుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా! మిరియాల చారు ముందు ముఖాలు వేలాడేసుకున్న మాకు ఎదురుగా కూర్చుని, "గుండె కోయించుకున్న నాకే లేని నీరసం మీకెందుకప్పా?" అని దెప్పేవాడు. ఆయనకు కొంచెం గర్వం ఉండేది. ఉన్నమాట చెప్పాలి కదా.

ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. అంతకుముందు ఎనిమిది నెలలూ ఆయన రోజూ గరిటెడు తోటకూర తిన్నాడు. మఠం పెరట్లో అది తప్ప ఇంకేదీ సరిగా పండదు మరి.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ ఏకాదశి. ఎవరం ఏమీ తినని రోజు. వెంకోబాచారి చేతిలో తంబూర పెట్టుకుని గంటసేపు పాడాడు. పాట అయ్యాక స్వాములు మెచ్చుకుంటే నవ్వాడు. పళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి.

"నోట్లో ఆ ఎరుపేమి వెంకోబా?" అన్నారు స్వాములు.

"తాంబూలం స్వామీ."

"ఏకాదశినాడు తాంబూలమా?"

వెంకోబాచారి తల దించుకున్నాడు. చిగుళ్లలోంచి నాలుగు రోజులుగా రక్తం కారుతోందట. స్వాములు ఉత్తరీయం తీయమన్నారు. తంబూర ఆనుకునే భుజం మీద అరచేయంత నల్లగా కమిలిన మచ్చ.

గంటలో నేనూ ఆయనా కర్నూలు బస్సులో ఉన్నాం. ఆస్పత్రిలో రక్తం తీసి, అది గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష చేశారు. ఆయనకు మూడు దగ్గర ఉండాల్సిన లెక్క ఆరు దాటింది. గుండె చూసే డాక్టరమ్మ నసీమాగారు ఆ కాగితం చూసి, ఏమేం తిన్నారో అడిగి, నుదురు కొట్టుకున్నారు. మఠానికి ఫోను చేసి స్వాములకు వినబడేలా పెట్టమని, నా ఫోను డాక్టరమ్మ ముందు పెట్టాను.

"స్వామీ, ఈయన మాత్ర మానలేదు. ఆకుకూర మానేసినారు. అదీ తంటా."

"ఆకుకూరకూ మాత్రకూ ఏం సంబంధమమ్మా?" అని అవతల స్వాములు చిన్నపిల్లాడిలా అడిగారు.

"లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టే భయం ఎప్పుడూ ఉంటుంది స్వామీ. కడితే వాల్వు బిగుసుకుపోతుంది. లేదంటే ఆ గడ్డ కొట్టుకుపోయి మెదడులో అడ్డం పడుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే సరుకును లివరు తయారుచేస్తుంది. దానికి ఆకుకూరలో ఉండే ఒక విటమిను కావాల. నా మాత్ర ఆ విటమిను పనికి కొంచెం అడ్డం నిలబడుతుంది. ఈయన రోజూ తినే తోటకూర చూసుకునే మాత్ర ఎంతో నేను కట్టినా. ఇప్పుడు తోటకూర పోయింది, మాత్ర అట్లే ఉంది. ఇంకొన్నాళ్లు ఇట్లే ఉంటే తల లోపల రక్తం కారేది."

"రక్తం పల్చనయ్యే మందంటే, ఒళ్లు తేలికై వ్రతానికి మంచిదే అనుకున్నానమ్మా" అన్నాడు వెంకోబాచారి నీరసంగా.

"పల్చనయ్యేదేమీ లేదు ఆచారిగారూ. గడ్డకట్టడం నిదానిస్తుంది, అంతే. మీరు సన్నని గట్టు మీద నడుస్తాండారు. ఆ పక్క గడ్డ, ఈ పక్క రక్తస్రావం."

"మిగతా రెండు మాత్రలు ఏం చేస్తాయమ్మా?" అన్నారు స్వాములు. ఆయనకు ఏదైనా పూర్తిగా తెలిసేదాకా నిద్రపట్టదు.

"ఒకటి గుండెను ఎక్కువగా పరుగెత్తనీదు. రాత్రి వేసుకునేది లివరు చేసే కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది, రక్తనాళాల గోడల్లో పేరుకోకుండా. అవునూ, నెయ్యి మానే నెల ఏదీ లేదా స్వామీ మీకు?"

ఫోనులోంచి స్వాముల నవ్వు ఆ గదంతా నిండింది. "ఆ నెల పెట్టింటే మఠాలే ఉండేవి కావమ్మా!"

గడ్డకట్టడాన్ని నిదానించే మాత్రను రెండు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయించమన్నారు డాక్టరమ్మ. ఆ తర్వాత మాత్రా తోటకూరా రెండూ ఎప్పటిలాగే.

మఠానికి రాగానే వెంకోబాచారి స్వాముల కాళ్ల మీద పడ్డాడు. "తోటకూర తినలేను స్వామీ. మీ ముందు సంకల్పం చెప్పుకున్నా. కావాలంటే మాత్రే తగ్గించమనండి."

"అడిగినాను. తగ్గించొచ్చంట. వచ్చే నెల నువ్వు ఆకుకూర మొదలుపెడితే మళ్లీ పెంచాలంట. ఆ దించే పెంచే రోజుల్లోనే ముప్పంట."

"పోతే పోనీ స్వామీ ప్రాణం. వ్రతం పోగూడదు."

నాకు ఒళ్లు మండింది. ఇంత మంచి గొంతు ఇంత మొండివాడికి ఎందుకిచ్చాడో దేవుడు అనిపించింది. కోపం కంటే భయమే ఎక్కువ, నిజం చెప్పాలంటే. స్వాములు లేచి జపానికి వెళ్లిపోయారు.

రక్తం కారడం ఆగింది. మూడోనాటి పరీక్షలో లెక్క దిగింది. ఆ మరునాడు పొద్దున భక్తులంతా తీర్థానికి వరసలో నిలబడి ఉన్నారు. చూస్తే, స్వాములు నడిమింట్లో నేల మీద కూర్చుని తోటకూర బాగుచేస్తున్నారు. ముదురు కాడలు ఒక పక్కకూ, లేత ఆకులు ఒక పక్కకూ. తోటమాలి చేత కోయించి తెప్పించారట. శాకవ్రతం నెలలో పీఠాధిపతి చేతిలో ఆకుకూర! మఠం మేనేజరు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు.

"స్వామీ, వ్రతం..."

"నేను తింటాండానా?" అన్నారు స్వాములు తలెత్తకుండా.

వంటవాడు తన వంటింట్లోకి ఆ ఆకు రానివ్వనన్నాడు. పాపం, వాడిదీ న్యాయమే. స్వాములు గోశాల పక్కన మూడు రాళ్లు పెట్టించారు. వెంకోబాచారిని పిలిచి, ఆకు ఆయన ఒళ్లో పోశారు.

"నా ముందు చెప్పుకున్న సంకల్పం నేనే విడిపిస్తాండా. చెయ్యి పట్టు."

వెంకోబాచారి దోసిలి పట్టాడు. స్వాములు నీళ్లు పోసి, మా అందరికీ చెప్పించిన మంత్రమే మొదటినుంచీ చెప్పించారు. తిథి, వారం, నక్షత్రం, గోత్రం, ఏదీ వదల్లేదు. చివర మాత్రం తెలుగులో అనిపించారు.

"రోజూ గరిటెడు తోటకూర తింటాను. ఒక్క రోజు తప్పను. ఎక్కువ తినను, తక్కువ తినను."

"ఎన్నాళ్లు స్వామీ?"

"నీ వాల్వు ఎన్నాళ్లు?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరమూ ఆగలేదు. స్వాములే ముందు పగలబడి నవ్వారు. వెంకోబాచారి ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు.

నెలలో మిగిలిన ఆ పన్నెండు రోజులూ ఆయన అవస్థ చూడాలి. పొద్దున్నే పొయ్యి ఊదుకుంటూ పొగలో దగ్గేవాడు. పంక్తిలో అందరి విస్తళ్లలో పెసరపప్పూ మామిడికాయ ఒరుగులూ ఉంటే, ఆయన విస్తట్లో మాత్రం పచ్చగా తోటకూర. ఊరి నుంచి వచ్చినవాళ్లు చూసి గుసగుసలాడేవాళ్లు. మొదటి నాలుగు రోజులూ ఆయన చెవులు ఎర్రబడేవి. ఒకరోజు కూర రుచిగా కుదిరింది కదా అని ఇంకొంచెం పెట్టుకోబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు. ఇంకోరోజు జ్వరంగా ఉండి ఏమీ సహించకపోయినా, కళ్లు మూసుకుని గరిటెడూ తిన్నాడు. ఎవరినీ దెప్పడం మానేశాడు. అంత తీరికెక్కడిది!

మూడు రోజులకోసారి బస్సెక్కి వెళ్లి పరీక్ష చేయించుకొచ్చేవాడు. మూడోసారి కాగితం నా బల్ల మీద పెట్టాడు. మూడు. ఆ సాయంత్రం ఆయన పాడుతుంటే గొంతులో కొత్త జవం వచ్చింది. నేను ఉత్తరాలు పక్కన పెట్టి వెళ్లి విన్నాను. ఆనందంతో కళ్లు చెమర్చాయంటే దాచుకోవడం దేనికి?

శ్రావణ ద్వాదశి వచ్చింది. ఆకుకూరలు మళ్లీ వంటింట్లోకి వచ్చే రోజు. నెల రోజుల కరువు మాది. తోటకూర పులుసు, చుక్కకూర పప్పు, మెంతికూర, గోంగూర, అన్నీ ఒక్కపూటే వండారు. పంక్తిలో కూర్చున్నవాళ్లెవరికీ మర్యాద గుర్తులేదు. నేను గోంగూర మూడుసార్లు వేయించుకున్నాను. నా పక్కనున్న మేనేజరు నాలుగుసార్లు.

వడ్డించేవాడు వెంకోబాచారి దగ్గరికొచ్చి తోటకూర ఒక గరిటె వేసి, రెండోది ముంచాడు. వెంకోబాచారి విస్తరి మీద చేయి అడ్డం పెట్టాడు.

"చాలప్పా."

"అయ్యో, శాకవ్రతం అయిపోయింది కదా ఆచారిగారూ! మెంతికూర అయినా వేస్తా."

"వద్దు. రోజూలాగే ఒక్క గరిటె."

ఆ మాటలో గొప్పా లేదు, బాధా లేదు. చేయి తీసి, చారు కలుపుకుంటూ తనలో తాను ఏదో రాగం తీసుకుంటున్నాడు.

పంక్తిలో తిరిగి చూస్తున్న స్వాములు అక్కడ ఆగారు. కాసేపు ఆ విస్తరివంక చూశారు. మా విస్తళ్లవంకా చూశారు. ముఖమంతా వెలిగిపోతుండగా వడ్డించేవాణ్ణి పిలిచారు.

"రేపటి నుంచి ముందు వెంకోబకు వడ్డించండి. ఇంకా శాకవ్రతంలో ఉన్నది వాడొక్కడే."