పొగమంచు మూగబోయిన చలికాలం

ఒకప్పుడు పొగమంచుకు నోరుండేది. చలికాలం సాయంత్రాల్లో కొండ దిగి వచ్చి, రేపటి సంగతి ఊరూరా చెప్పిపోయేది.

"రేపు ఒత్తుగా వస్తాను, మధ్యాహ్నందాకా కదలను" అందంటే కొండమీది పిల్లలు ఎగిరి గంతులేసేవాళ్లు. పంతులమ్మ వరహాలమ్మది కింది ఊరు. అంత మంచులో కొండదారి ఎక్కడం ఆవిడవల్ల కాదు. అంటే బడి లేనట్టే!

ఆ పొద్దులు ఎంత బాగుండేవో! పిల్లలు నెగడు చుట్టూ చేరి చిలగడదుంపలు కాల్చుకునేవాళ్లు. దాగుడుమూతలాడితే పక్కనున్నవాళ్లు కూడా దొరికేవాళ్లు కాదు. మంచు వాళ్ల చెవుల్లో చల్లగా ఊది నవ్వించేది.

ఎనిమిదేళ్ల సుక్రి అంటే మంచుకు మరీ ముద్దు. ఒక సాయంత్రం సుక్రి అడిగింది.

"రేపు వస్తావా?"

"రాను. రేపు ఎండ కాస్తుంది."

"నాకోసం రావా! రేపు పదమూడో ఎక్కం అప్పజెప్పాలి. నాకు రాదు."

మంచు మనసు కరిగింది. "సరేలే, వస్తాను" అంది. కానీ కింది ఊళ్లో అప్పటికే 'రేపు ఎండే' అని పంతులమ్మకు చెప్పి వచ్చింది. ఆ సంగతే మరిచిపోయింది.

ఆ మాట నమ్మి మర్నాడు వరహాలమ్మ తెల్లారగానే బయలుదేరింది. సగం దారిలో మంచు కమ్మేసింది. ఆవిడ కాలు జారి వాగు గట్టు కింద పడింది. మడమ బెణికింది.

"పిల్లలూ! ఎవరైనా ఉన్నారా?"

నెగడు దగ్గరున్న సుక్రి ఆ గొంతు గుర్తుపట్టింది. చేతిలో దుంప వదిలేసి పరుగెత్తింది. పది అడుగులకే దారి కనబడలేదు.

"మంచూ, తొలగిపో! పంతులమ్మ పడిపోయింది!"

"ఎండ తగిలితే గానీ తొలగిపోలేనమ్మా" అంది మంచు.

గడ్డిలోంచి సాలీడు పలికింది. "వాగుదాకా మా గూళ్లే ఉన్నాయి. సన్నటి దారాలు కదా, కనబడవు. మంచూ, నువ్వు చుక్కచుక్కగా వాటిమీద కూర్చో."

మంచు అలాగే కూర్చుంది. గూడు తర్వాత గూడు తెల్లగా మెరిసింది. వాటిని చూసుకుంటూ సుక్రి వాగు చేరింది.

"నేనే మంచును రమ్మన్నాను పంతులమ్మా. ఎక్కం రాదని" అంటూ ఏడ్చేసింది.

వరహాలమ్మ కొంగుతో దాని ముఖం తుడిచింది. "రాకపోతే నేర్పడానికే కదే, నేను ఇంత కొండ ఎక్కి వచ్చేది!"

సుక్రి భుజం పట్టుకుని ఆవిడ మెల్లగా కుంటుతూ నడిచింది.

మంచు సిగ్గుపడింది. "ఇక రేపటి మాట ఎవరికీ చెప్పను" అంది. ఆ తర్వాత సుక్రి ఎన్ని సాయంత్రాలు గుమ్మంలో నిలబడి పిలిచినా, చెంప నిమిరి పోయిందే గానీ పలకలేదు.

అప్పటినుంచే పొగమంచు చెప్పకుండా వస్తుంది, చెప్పకుండా పోతుంది. పోయేముందు మాత్రం సాలెగూళ్ల నిండా చుక్కలు పెట్టి పోతుంది. చలిపొద్దున అవి మెరిశాయంటే కొండపిల్లలు ఒక్క నిట్టూర్పు విడిచి, బడిసంచీ భుజాన వేసుకుంటారు.