బుర్రా వారింట నెల తప్పింది

బుర్రా వారిని ఊళ్ళో ఎవరైనా తెలివితక్కువవాళ్ళంటే పోలమ్మ ఊరుకునేది కాదు. "ఇంటిపేరే బుర్ర. బయటే ఇంతుంటే లోపలెంతుండాలి?" అనేది. కొడుకు తవిటయ్యకీ అదే నమ్మకం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లు పోనివ్వడు. చెయ్యి కడుక్కోరా అంటే ఒక్క చెయ్యే కడుక్కునేవాడు. అతని పెళ్ళాం నూకరత్నం మరీ బుద్ధిమంతురాలు. ఆ ఇద్దరూ చెప్పింది కూడా నమ్మేది.

పెళ్ళయి చాన్నాళ్ళయినా పిల్లల్లేరు. ఆ ఇంటికి అదొక్కటే దిగులు. ఓ రోజు నూకరత్నం, పక్కింటి అప్పయ్యమ్మ తనతో అన్నమాటే మొగుడి చెవిలో వేసింది.

"మావా, నాకు నెల తప్పిందట."

తవిటయ్య లేచి తలపాగా చుట్టాడు. "తప్పిపోయిందా? ఎక్కడ?"

"ఏమో! ఇంట్లోనే ఉండాలి. నేనెక్కడికీ వెళ్ళలేదు."

ఇంకేముంది, మంచం కింద వెతికారు. బియ్యం డబ్బా వెనక వెతికారు. పోలమ్మ క్యాలెండరు దించి ఒక్కో కాగితం తిప్పి చూసింది. "అన్నీ ఉన్నాయే! తప్పిపోయింది మన నెల కాదేమోరా!"

ఆ గోలకి అప్పయ్యమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఓసి పిచ్చి పోలమ్మా! నీ కోడలు నీళ్ళోసుకుందే!"

"రోజూ పోసుకుంటుంది. మేం శుభ్రమైనవాళ్ళం."

"అది కాదే, కడుపేమో! డాక్టరమ్మకి చూపించండి."

కడుపు అన్నమాట మాత్రం ముగ్గురికీ అర్థమైంది. అంతే, పోలమ్మ ఏడుస్తూ నవ్వేసింది. నీళ్ళోసుకుంటే వచ్చేదైతే ఇంకాస్త గట్టిగా రానీ అని, కోడలి నెత్తి మీద బిందెల కొద్దీ గుమ్మరించింది. నూకరత్నం తుమ్ముతూనే ఒంటెద్దు బండెక్కింది.

"నెల తప్పి ఎన్నాళ్ళయింది?" అడిగింది డాక్టరమ్మ.

"తప్పలేదమ్మా, గోడకే వేలాడుతోంది," అన్నాడు తవిటయ్య.

నూకరత్నం తల దించుకుని, నిన్న రావాల్సింది రాలేదని చెప్పింది. పోలమ్మకి అనుమానం తీరలేదు. "వీడు కిందటి వారందాకా పట్నంలో పనిలో ఉండి, మధ్యలో ఒక్క రాత్రే ఇంటికొచ్చాడమ్మా. ఒక్కసారికే వస్తుందా?"

"ఎందుకు రాదు? జాగ్రత్తలేమీ లేకుండా ఒక్కసారి కలిసినా రావచ్చు." డాక్టరమ్మ ఓ పరీక్ష పట్టీ చేతికిచ్చింది. "ఇప్పుడే తొందరపడి చూస్తే ఉన్నా లేనట్టు చూపిస్తుంది. నెల దాటి ఓ వారం ఆగండి. పొద్దున్నే మొదటి మూత్రం చుక్కలు దీని మీద వెయ్యండి. రెండు గీతలొస్తే కడుపు. ఒకటే వస్తే కొన్నాళ్ళాగి మళ్ళీ చూడాలి."

తవిటయ్య లెక్కలో పడ్డాడు. ఒక్కసారి కలిసినా వస్తుందట! తనీమధ్య ఎంతమందిని కలవలేదు? బండి ఊరి పొలిమేరకి రాగానే సుందరశివరావు మేష్టారు ఎదురొచ్చారు. ముసలాయన. తవిటయ్య బండి మీంచి దూకి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"మేష్టారూ, క్షమించండి. మొన్న సంతలో మనం కలిశాం. ఏ జాగ్రత్తా తీసుకోలేదు. తమకేమైనా వికారంగా ఉందా?"

మేష్టారు చేతికర్ర ఎత్తారు. తవిటయ్య పరుగు. పరిగెడుతూనే మంగలినీ, పాలవాణ్ణీ, గుళ్ళో పంతులుగారినీ హెచ్చరించుకుంటూ ఇల్లు చేరాడు.

ఇంటికొచ్చాక నెల దాటాలి కదా! క్యాలెండరు నేల మీద పరిచారు. ముగ్గురూ చీరలూ, పంచే ఎత్తి పట్టుకుని దాటేశారు. ఇక వారం ఆగాలి. అంతే, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తవిటయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. అప్పయ్యమ్మ వచ్చి నోట్లో గంజి పోసి, తిట్టిపోసి వెళ్ళేది. వారం అలాగే గడిచింది.

ఆ తెల్లారి పట్టీ తీశారు. "మొదటిది కావాలన్నారు. ఈ ఇంట్లో మొదట లేచేది నేను," అంది పోలమ్మ. వెళ్ళి చుక్కలు వేసుకొచ్చింది. ఒక్కటే గీత.

నూకరత్నం గుమ్మంలో కూలబడి ఏడ్చింది. శబ్దం లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తవిటయ్య చూడలేకపోయాడు. "ఒక్క గీత కోసం ఇంత ఏడుపా? నేనున్నాను కదే!" అని కాటుక తెచ్చి పక్కనే ఇంకో గీత గీశాడు.

పోలమ్మ పట్టీ వంక చూసింది. తన పొట్ట వంక చూసుకుంది. "ఒరే, చుక్కలు నావి కదరా! అంటే కడుపు..." అని సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కుంది. "మీ నాన్న పోయి ఇన్నేళ్ళయింది. ఊరేమనుకుంటుందిరా!"

ఇంకేముంది, మళ్ళీ బండి కట్టారు. డాక్టరమ్మ కాటుక గీత చూసి తల పట్టుకుంది. ఈసారి నూకరత్నం చేతికే డబ్బా ఇచ్చి పంపింది. కొత్త పట్టీ మీద గీతలు ఎర్రగా తేలాయి. రెండు.

"నీకేనమ్మా. నిజంగానే," అంది డాక్టరమ్మ మెత్తగా. తవిటయ్య పెళ్ళాం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇక బరువులు మొయ్యకూడదు."

"కడుపు బరువే కదమ్మా! అదీ మొయ్యకూడదా?" అడిగాడు తవిటయ్య.

"అది మొయ్యక తప్పదు. పోనీ, మీరు మోస్తారా?" డాక్టరమ్మ విసుక్కుంది.

"ఓ, మోస్తాను!" అని తవిటయ్య పెళ్ళాన్ని భుజాన వేసుకుని బండి దాకా మోశాడు. పోలమ్మ అడ్డుపడింది. "ఆగరా! ఇప్పుడు కడుపు మోసేది నువ్వు. నువ్వూ బరువులు మొయ్యకూడదు." దాంతో పెళ్ళాన్ని బండిలో కూర్చోబెట్టాడు. బండి కదిలింది. కాస్త దూరం వెళ్ళాక తవిటయ్యే గట్టిగా కేక పెట్టాడు. "అమ్మా! ఇప్పుడు కడుపు మోస్తోంది మన ఎద్దే!"

అంతే, ముగ్గురూ కిందికి దూకారు. ఎద్దుని విప్పి, నానా తంటాలు పడి బండెక్కించి, మెడ కింద దిండు పెట్టారు. కాడి తవిటయ్యా పోలమ్మా భుజానెత్తుకున్నారు. నూకరత్నం వెనకనించి నెడుతూ అరిచింది.

"మెల్లిగా లాగండి, కుదుపులు తగులుతాయి! పాపం దానికిది తొలిచూలు!"