ఓబక్క గుడ్డకప్పు

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. కోపం వచ్చేవాళ్ళు నాతో పాటు కోప్పడండి. ఈ కథకు రెండూ కావాలి.

అనగనగా, మన తాతల తాతలకు కూడా తాతలు చెప్పిన కాలం. ఒక కొండ మీద కోట. కొండ కింద పల్లె. పల్లె చివర ఒక మేదరి గుడిసె. ఆ గుడిసెలో ఓబక్క.

ఓబక్క వెదురు చీల్చేది, బుట్టలు అల్లేది. చేటలు, తట్టలు, గంపలు అన్నీ అల్లేది. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఒక కోడిపెట్ట ఉండేది, అంతే.

ఒకనాడు కొర్రచేను కోస్తున్న సుంకులమ్మ పరుగున వచ్చింది. ఆమె కొంగులో ఏడు గుడ్లు ఉన్నాయి.

"ఓబక్కా, ఇవి కౌజుపిట్ట గుడ్లు. తల్లిని ఎద్దు తొక్కేసినాది. నీ కోడి పొదుగుతా ఉంది కదా, దాని కింద పెడ్తావా?"

"పెట్టక ఏం జేస్తా? తే ఇట్లా," అంది ఓబక్క.

ఏడు గుడ్లూ పిల్లలయ్యాయి. ఒక్కోటి చింతపిక్కంత. చేతిలో పోసుకుంటే చేయి నిండేది కాదు. ఓబక్క వాటికి ఒక బుట్ట అల్లింది, పైన గట్టి వెదురు మూత పెట్టింది. పిల్లలు పెరిగి పిట్టలయ్యాయి.

ఒకరోజు అటక మీద నుంచి కుండ జారి పడింది. ఆ చప్పుడుకు ఒక పిట్ట బెదిరి పైకి లేచింది. దాని తల మూతకు కొట్టుకుంది. ఓబక్క మూత తీసేసరికి ప్రాణం లేదు.

ఓబక్క పిట్టను అరచేతిలో పెట్టుకుని ఏడ్చింది. "ఈ పాపం నాది. మూత అల్లింది నేనే," అంది.

విన్నారా? ఎవరూ అడగలేదు, ఎవరూ నిలదీయలేదు. తనంతట తనే ఒప్పుకుంది. ఈ మాట ఈ కథలో ఇంకెవరి నోటా మీరు వినరు, వెతుక్కోకండి.

ఆమె మూడు రోజులు పని మానుకుని పిట్టల ముందు కూర్చుంది. మొదటి రోజు చూసింది: కౌజుపిట్ట బెదిరితే పక్కకు పోదు, నిట్టనిలువునా పైకి లేస్తుంది. రెండో రోజు చూసింది: వేలెడు సందు దొరికితే పిల్లి పంజా లోపలికి వస్తుంది. మూడో రోజు చూసింది: పిట్ట నీళ్ళలో కాదు, మన్నులో స్నానం చేస్తుంది. పొర్లి పొర్లి రెక్కల్లోని పేలు దులుపుకుంటుంది.

అప్పుడు కొత్త బుట్ట అల్లింది. ఎత్తు జానెడు. చుట్టూ చిటికెన వేలు కూడా దూరని అల్లిక. అడుగున జల్లించిన మన్ను. పైన వెదురు లేదు, తన పాత చీర చింపి వదులుగా కట్టిన గుడ్డకప్పు. పిట్ట ఎగిరి తగిలితే గుడ్డ సాగేది, పిట్టను మెల్లగా కిందికి దించేది.

ఎవరడిగినా ఓబక్క ఒకటే చెప్పేది: "నెత్తిన మెత్తన, చుట్టూ సన్నన, కాళ్ళకింద మన్ను."

ఆరు పిట్టలూ హాయిగా ఉన్నాయి. పొద్దున్నే విట్ విట్ అని కూసేవి. ఆ కూత వినే కూలివాళ్ళు చేలకు బయలుదేరేవాళ్ళు.

ఆ కూత దొర చెవిన పడింది. ఆయన పేరు నాకు తెలుసు, చెప్పను. పల్లకి దిగకుండానే చూశాడు. "ముచ్చటగా ఉన్నాయి," అన్నాడు. దొర ముచ్చటపడితే ఆ వస్తువు దొరదే. ఆ కాలంలో అదే న్యాయం. దానికి న్యాయమని పేరు పెట్టిందెవరు? ఇంకెవరు, దొరే.

ఓబక్క అడ్డం పడలేదు. పడితే ఆగుతుందా? బుట్ట ముందుకు చాపింది.

"సామీ, పిట్టల్ని తీస్కపోతే ఈ బుట్టతోనే తీస్కపోండి. నెత్తిన మెత్తన, చుట్టూ సన్నన, కాళ్ళకింద మన్ను. ఇది లేకుంటే అవి బతకవు."

దొర ముక్కు చిట్లించాడు. "జానెడు ఎత్తు, పైన పాతగుడ్డ! నా ఇంటి పిట్టలు తల వంచుకుని బతకడానికి అవేమైనా కూలివాళ్ళా?"

పక్కనున్న దివాను నవ్వాడు. "బుట్టలల్లుకునేదానికి ఏం తెలుసు దొరా?" అని బుట్టను కాలితో తన్నాడు. పిట్టల్ని సంచిలో వేయించాడు.

ఏం తెలుసా? ఆ మూడు రోజులు ఆకలితో కూర్చుని చూసింది ఎవరు, నువ్వా?

కోటలో కంచరి చేత మోకాటి ఎత్తు ఇత్తడి పంజరం చేయించారు. లతలు, చిలకలు, ఏనుగులు. ఆ లతల నడుమ రెండు వేళ్ళు పట్టే సందులు. పిట్ట చక్కగా కనపడాలి కదా! మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే కోట పిల్లి వచ్చింది. రెండు పిట్టలు పోయాయి.

ఓబక్కకు తెలిసింది. కొండెక్కి కోట వాకిట నిలబడింది. "సామీ, నెత్తిన మెత్తన, చుట్టూ సన్నన, కాళ్ళకింద మన్ను," అంది.

"బుట్టలల్లుకునేదానికి ఏం తెలుసు?" అన్నాడు దివాను. బయటికి గెంటించాడు.

గెంటించాడు గానీ, గెంటినంతసేపటిలోనే కంచరిని పిలిచి సందులు మూయించాడు. ఎవరి మాట అది? ఆ పేరెత్తాడా? లేదు.

సందులు మూశారు. అడుగున మాత్రం నున్నటి పాలరాయి పరిచారు. దొర సావిట్లో మన్నా, ఛీ! పిట్టలు ఆ రాతి మీద జారి జారి పడ్డాయి. కాళ్ళు వాచాయి. పొర్లడానికి పిడికెడు మన్ను లేక పేలు పట్టి ఈకలు రాలాయి. నెల తిరక్కుండా ఇంకో రెండు పోయాయి.

ఓబక్క మళ్ళీ కొండెక్కింది. మళ్ళీ అదే మాట చెప్పింది. ఈసారి దివాను కాళ్ళు పట్టుకుంది కూడా. పిట్టల కోసం పట్టుకుంది, తనకోసం ఏనాడూ ఎవరి కాళ్ళూ పట్టలేదు.

"మన్ను పోసినాం లేవే, పో. బుట్టలల్లుకునేదానికి ఏం తెలుసు?"

చూశారా వరస! ఒక్కో మాట వినడానికి రెండేసి ప్రాణాలు కావాలి వీళ్ళకు.

"మరి నెత్తిన మెత్తన సామీ? కప్పు ఇత్తడే కదా? ఎత్తు కూడా మోకాటి దాకా ఉంది. అంత జాగా ఉంటే పిట్ట ఊపుగా లేస్తాది. తల పగిలిపోతాది. నాకు తెలుసు సామీ, నా మూత కింద ఒకటి చచ్చిపోయినాది."

"దొర ఇంట గుడ్డకప్పా? గుడిసెల బుద్ధి గుడిసెల్లోనే పెట్టుకో," అన్నాడు దివాను.

దసరా వచ్చింది. కోటలో భేరీ మోగింది. ఒక్కసారే మోగింది, చాలు. రెండు పిట్టలూ నిట్టనిలువునా లేచాయి. ఇత్తడి టంగుమంది. ఒకటి అక్కడే పోయింది. ఒకటి నెత్తి చీలి, కొన ఊపిరితో మూలకు ఒదిగింది.

ఏడింటిలో ఆ ఒక్కటే మిగిలింది. ఓబక్క ప్రాణమంతా ఇప్పుడు ఆ ఒక్కదాని మీదే ఉంది.

మరి కోటలో ఎవరైనా "ఈ పాపం నాది" అన్నారా? దివాను దొర చెవిలో ఏమన్నాడో చెప్తాను, పళ్ళు కొరుక్కోకండి. "దోషం దాని నోట్లోనే ఉంది దొరా. అది ఎట్లా అంటే అట్లానే జరుగుతోంది," అన్నాడు. నిప్పు కాలుతుందని చెప్పినవాళ్ళదే తప్పట, నిప్పులో చెయ్యి పెట్టినవాళ్ళది కాదట!

దొర ఊగిపోయాడు. తనే కొండ దిగాడు. పల్లెంతా బిక్కచచ్చి చూస్తుండగా మేదరి గుడిసె ముందు నిలబడ్డాడు.

"ఏమే, బయటికి రా! నీ నోటితో నా పిట్టల్ని చంపినావు. గుడిసెకు నిప్పు పెట్టిస్తా!"

ఓబక్క లోపల వెదురు చీలుస్తోంది. లేచేలోగానే దొర లోపలికి దూసుకొచ్చాడు.

గుడిసె ద్వారం నడుమెత్తు. అందులోకి ఎవరైనా వంగే వస్తారు. కోట ద్వారాలు ఏనుగు పట్టేంతవి. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఏ గుమ్మం ముందూ తల వంచలేదు. ఠప్! నుదురు పైవెదురుకు కొట్టుకుంది. తలపాగా ఊడి బయట పడింది.

లోపల పడ్డవాడు మండిపడి దిగ్గున లేచాడు. ఠప్! నడినెత్తి వాసానికి కొట్టుకుంది. రక్తం కారింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఏం జరుగుతోందో తెలియక, భయంతో మూడోసారి ఎగిరి లేచాడు.

ఈసారి చప్పుడు కాలేదు. ఓబక్క చెయ్యి వాసానికీ ఆయన నెత్తికీ నడుమ పెట్టింది.

వేళ్ళు నలిగాయి. ఆమె చెయ్యి తీయలేదు.

"మెత్తగా తగిలిందా సామీ?" అంది.

దొర నెత్తి తడుముకున్నాడు.

"మీరు నడిచొచ్చినారు. నాది ఎండిన వెదురు. నా పిట్ట బాణం మాదిరి లేచింది. మీది ఇత్తడి. ఎన్నిసార్లు చెప్పినా, ఎంత మంది ముందు చెప్పినా! బుట్టలల్లుకునేదానికి ఏం తెలుసన్నారు. నాకు తెలిసింది ఇదే సామీ. ఆ ఒక్క పిట్టనన్నా నాకిచ్చేయండి."

అంత గట్టిగా ఓబక్క మాట్లాడటం పల్లె ఎన్నడూ వినలేదు. బయట సుంకులమ్మ కొడవలి పట్టుకుని నిలబడింది. ఆమె వెనక కూలివాళ్ళంతా నిలబడ్డారు.

దొర వంగాడు. బయటికి పోవాలంటే వంగాలి మరి. తలపాగా కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు బంటు ఒకడు పిట్టను తెచ్చిచ్చాడు. తప్పయిందన్న మాట తేలేదు. ఓబక్క ఆ పిట్ట నెత్తికి పసుపు అద్ది, కొత్త గుడ్డకప్పు బుట్టలో పెట్టింది. పది రోజులకు అది విట్ అంది. ఓబక్క పని ఆపి, ఇంకోసారి అంటుందేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది. అది మళ్ళీ అంది.

కథ ఇక్కడ ఆగితే నా కోపమూ ఇక్కడే ఆగేది. ఆగలేదు. ఏడాది తిరక్కుండా దండోరా వేశారు: "వినండహో! పిట్టలకు మెత్తటి కప్పుండే బుట్టను మన దొరగారు కనిపెట్టినారు. ఇకమీద దాన్ని దొరబుట్ట అనవలెనహో!"

సుంకులమ్మ మండిపడుతూ వచ్చింది. "విన్నావా అక్కా? నీ బుట్ట అంట, ఆయన కనిపెట్టినాడంట!"

"పేరెవరిదైతే ఏమిలే సుంకులూ. పిట్ట తల పగలకుంటే చాలు," అంది ఓబక్క.

ఆమెకు కోపం రాలేదు. నాకు వస్తుంది. ఇన్ని తరాల తర్వాత కూడా వస్తుంది.

మూడేళ్ళకు ఓబక్క పోయింది. మట్టి చేసి వచ్చిన మూడో నాడు సంత జరిగింది. కోటవాళ్ళు బుట్టలు తెచ్చి పరిచారు. "దొరబుట్టలు, దొరబుట్టలు!" అని అరిచారు. సుంకులమ్మ వెళ్ళి ఒక బుట్ట తీసి తలకిందులు చేసింది. కప్పు మీద చేత్తో తట్టింది. సంతంతా వినేలా అడిగింది.

"దీంట్లో దొర తల పెట్టి చూసినాడా?"

ఒకడు నవ్వాడు. ఇద్దరు నవ్వారు. గుడిసెలో చప్పుడు విన్న వాళ్ళంతా నవ్వారు. ఆ రోజు ఒక్క దొరబుట్ట కూడా ఎవరూ కొనలేదు. ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అప్పటినుంచి ఆ కొండ కింది పల్లెల్లో కౌజుపిట్టల బుట్ట అల్లినవాళ్ళు దాన్ని ముందు తమ తల మీద బోర్లించుకుంటారు. ఇంకొకరు బుట్టను కదలకుండా పట్టుకుంటే, మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు లేస్తారు. నొప్పెడితే కప్పు విప్పి మళ్ళీ కడతారు. ఎవరైనా తమకు తెలియని బతుకు గురించి ఎదుటివాళ్ళకు ఏర్పాట్లు చేయబోతే, "ముందు నీ తల పెట్టి చూడు" అంటారు. ఎంత పెద్దవాడైనా ఆ మాటకు ఆగాల్సిందే.

బుట్ట కొనడానికి వచ్చినవాళ్ళు వెల అడగరు, రంగు చూడరు. ముందు ఒకటే అడుగుతారు:

"ఓబక్క ఆన, తల పెట్టినావా?"

"పెట్టినా."

అప్పుడే బుట్ట చేతిలోకి తీసుకుంటారు.