రాయికి అటు రూలు, ఇటు పీట

శశిభూషణ్‌కు చిక్కంతా ఆశ్రమం నడుమ పాతిన రాయితోనే వచ్చింది.

అది సరిహద్దు రాయి. దానికి తూర్పున సభామందిరం, అతిథుల గదులు. అవి ఒక రాష్ట్రంలో ఉన్నాయి. పడమర వంటశాల, ఆడవాళ్ల స్నానాల గదులు. అవి ఇంకో రాష్ట్రం కిందికి వస్తాయి. కరెంటు కూడా రెండు వైపుల నుంచీ విడివిడిగానే వస్తుంది. అయినా శశిభూషణ్ వచ్చేదాకా ఆ రాయిని ఎవరూ లెక్కచేయలేదు. వంటవాళ్లు దానిమీద మసిగుడ్డలు ఆరేసుకునేవారు.

గురువు సిద్ధమ్మ, విగ్రహాలు లేకుండా గురువునే కొలిచే అచల సంప్రదాయం మనిషి. డెబ్బై దాటాయి. ఆశ్రమంలో అందరికీ ఆమె అవ్వే. ఆమె దగ్గర ఎవరూ కులం అడగరు. భోజనాల పంక్తిలో ఆడా మగా పక్కపక్కనే కూర్చుంటారు. వండడానికి లేచేటప్పుడు మాత్రం ఆ పంక్తిలో సగమే లేస్తుంది.

శశిభూషణ్ ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఉద్యోగం వదిలి అవ్వ దగ్గరికి వచ్చాడు. జీతం వదిలాడు, ప్యాంటూ చొక్కా వదిలాడు. నియమాల పుస్తకం మీద మమకారాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నాడు. వంటవాళ్లు అతన్ని ఇంజనీరు సామి అని పిలిచేవారు. ఆశ్రమంలో కరెంటు పని అంతా అతనిదే.

వైరింగు నియమాల పుస్తకాన్ని పైన ఎక్కడో నిపుణులు కూర్చుని కొన్నేళ్లకొకసారి మారుస్తుంటారు. అక్కడ మారినంత మాత్రాన అది ఊళ్లోకి రాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం దాన్ని తెప్పించుకుని, కమిటీ వేసి, నచ్చింది ఉంచుకుని నచ్చనిది కొట్టేసి, గెజిట్‌లో అచ్చు వేయించుకోవాలి. అప్పటిదాకా పాత పుస్తకమే చట్టం. తూర్పు రాష్ట్రం కొత్త పుస్తకాన్ని నిరుడే తీసుకుంది. పడమటి రాష్ట్రంలో అది ఇంకా కమిటీ దగ్గరే ఉంది. ఆ కమిటీ సభ్యుల్లో తడిచేత్తో పిండి రుబ్బినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేదో మనకు తెలియదు.

అవ్వకు గురువైన పెద్ద గురువుగారి ఆరాధన రోజు పొద్దున శశిభూషణ్ అవ్వ గదికి వెళ్లాడు. ఆ రోజు సభలో అతను మొదటిసారి మాట్లాడబోతున్నాడు. దేశకాలాలను బట్టి ధర్మం ఎలా మారుతుందో చెప్పాలని అతని ఆలోచన. మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. అవ్వ నోటి నుంచి ఒక మెచ్చుకోలు పడితే చాలు.

"అవ్వా, ఒక సందేహం."

"చెప్పు నాయనా."

"ఒకే ఇంట్లో రెండు చట్టాలుంటే మనిషి దేన్ని పాటించాలి?"

అవ్వ తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆపలేదు. "నువ్వేం చేసినావు?"

"ఎక్కడిది అక్కడ పాటించాను. మందిరంలో, అతిథుల గదుల్లో కొత్త రూలు ప్రకారం ట్రిప్పు స్విచ్చులు పెట్టాను. వంటశాల వైపుకు ఆ రూలు ఇంకా రాలేదు. అక్కడ పాత రూలుకు అన్నీ సరిపోయాయి. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ వచ్చి చూసి సంతకాలు పెట్టి వెళ్లారు. ఎవరూ ఒక్క తప్పు పట్టలేదు."

"ఆ స్విచ్చు ఏం చేస్తాది?"

"కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోకి దిగబోతే రెప్పపాటులో ఆపేస్తుంది. ప్రాణం పోదు."

"మంచి స్విచ్చే."

మెచ్చుకోలు అంతేనా, ఇంకా ఉందా అని శశిభూషణ్ ఎదురుచూస్తుండగా గుమ్మంలో సుంకులమ్మ నిలబడింది. ఆశ్రమానికి పిండి రుబ్బేది ఆమే. చేతిలో పీట ఉంది. అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. వెనక కుళ్లాయమ్మ ఉంది, ఈమధ్యనే వంటలో చేరిన పిల్ల.

"అవ్వా, కొత్త పీటొకటి ఇప్పియ్యి. ఇది వానకు నానిపోయింది."

"ఏం, కూచోడానికా?"

"కూచునే భాగ్యం యాడిది అవ్వా మాకు. గ్రైండరు కాడ నిలబడేదానికి. వంటింట్లోకి చెప్పులు వద్దంటిరి. ఒట్టికాళ్లతో దాన్ని తాకితే జివ్వున లాగుతాది."

"కొడతాందా?"

"దానిది మా ఆయన గుణం. పొద్దున్నే ఒకటి కొట్టిందంటే ఇంక దినమంతా మంచిగా తిరుగుతాది."

కుళ్లాయమ్మ పక్కున నవ్వింది. శశిభూషణ్ కూడా నవ్వాడు. అవ్వ నవ్వలేదు. దువ్వెన పక్కన పెట్టి పీట అందుకుంది.

"ఇట్ల పీట ఏసుకోవాలని నీకెవరు చెప్పిరి?"

"నాకు ముందు పిండి రుబ్బిన లచ్చుమక్క నేర్పిచ్చింది, పోయేముందు. నేను ఈ పిల్లకు నేర్పిచ్చినా." సుంకులమ్మ కుళ్లాయమ్మ వైపు తిరిగింది. "చెప్పు మే, ఏం నేర్పిచ్చినా?"

కుళ్లాయమ్మ బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. "మొదట పీట. మళ్లా స్విచ్చి. ఎడమచెయ్యి నడుం మీద. పిండి తోసేది కట్టెగరిటెతోనే. కొడితే అరవకూడదు, పక్కామె బెదురుతాది."

ఈ రూలు ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు. ఏ సంతకమూ లేకుండానే వంటింట్లో అమలైపోయింది.

"పాండి," అంది అవ్వ లేస్తూ. "ఈపొద్దు వడల పిండి నేను రుబ్బుతా."

బయట చినుకులు పడుతున్నాయి. అవ్వ ముందు నడిచింది. రాయి దగ్గర ఆగి, దానిమీద తడుస్తున్న గుడ్డను తీసి పిండి, భుజాన వేసుకుంది. శశిభూషణ్ ఆమె వెనకే వచ్చాడు. మందిరంలో జనం అప్పటికే చేరుతున్నారు. మాట్లాడవలసిన మాటలు అతని తలలో ఇంకా వరసగానే ఉన్నాయి.

వంటశాలలో నేలంతా తడి. పప్పు కడిగిన నీళ్లు, కప్పు నుంచి కారిన నీళ్లు. అవ్వ పీటను గుమ్మానికి ఆనించి లోపలికి వెళ్లింది. నానిన మినప్పప్పు గంగాళంలో రెండు చేతులూ ముంచి పప్పు తీసి గ్రైండరులో వేసింది. చేతులు తుడుచుకోలేదు. తడి నేల మీద ఒట్టికాళ్లతో నిలబడింది.

"అవ్వా, పీట!" అంది సుంకులమ్మ.

"ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి పోయినాడంట. నాకెందుకు పీట."

స్విచ్చు నొక్కింది. గ్రైండరు గర్రుమంది. అవ్వ కుడిచెయ్యి చాచింది.

"అవ్వా! ముట్టుకోవద్దు!"

కేక వేసింది శశిభూషణే. వేసి ఊరుకోలేదు. గంగాళం మీదుగా దూకి ప్లగ్గు పీకేశాడు. కాలు తగిలి గంగాళంలో పప్పు నేలంతా చెదిరింది. గ్రైండరు గింగిరాలు తిరిగి తిరిగి ఆగింది.

అవ్వ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"ఏమిటికి?"

"షాక్ కొడుతుంది అవ్వా. చేతులు తడిగా ఉన్నాయి. ప్రాణం పోతుంది."

"ఈ పక్కకు రూలు ఇంకా రాలేదంటివే?"

"రాలేదు."

"కరెంటు వచ్చిందా?"

శశిభూషణ్ చేతిలో ప్లగ్గు పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ చెయ్యి దించింది.

"ఇది కొడతాదని నీకు ఇప్పుడు తెలిసిందా, ముందే తెలుసునా?"

ఇప్పుడే, సుంకులమ్మ చెబితేనే అనవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా సుంకులమ్మ ఉంది. ఇందాక ఆమె మాటకు తను నవ్విన నవ్వు అతనికి గుర్తొచ్చింది.

"ముందే తెలుసు," అన్నాడు. "స్విచ్చు ఒకటి మిగిలితే ఇక్కడ పెట్టి చూశాను. గ్రైండరు వెయ్యగానే పడిపోయింది. మళ్లీ లేపాను. మళ్లీ పడిపోయింది. టిఫిన్లు ఆలస్యమవుతాయని... ఈ పక్క రూలు లేదు కదా అని... తీసేశాను."

 

"ఆ పొద్దు నేనడిగినా గదా సామీ," అంది సుంకులమ్మ. గొంతులో కోపం లేదు. తను సరిగ్గానే విన్నానా అని కనుక్కుంటున్నట్టు అడిగింది. "గ్రైండరుకు ఏమీ లేదంటివి. స్విచ్చే చెడిపోయిందంటివి."

ఆమె తిట్టి ఉంటే అతను తలెత్తగలిగేవాడు.

"ఈ పీటను నేనూ దినమూ చూస్తానే ఉండా," అంది అవ్వ. ఎవరితోనూ కాదు, తడిసిన నేలతో అన్నట్టు అంది. "ఏమిటికని ఒక్కనాడూ అడగలేదు."

శశిభూషణ్ వైపు తిరిగి, "ఆ స్విచ్చు యాడుండాది?" అంది.

"మందిరం అలమారలో."

అవ్వ పో అనలేదు. అతను వాన లోంచి పరుగెత్తి వెళ్లి తెచ్చాడు. మెయిను ఆపి, వంటశాల బోర్డులో బిగించాడు.  బిగించాక గ్రైండరు ప్లగ్గు మళ్లీ పెట్టి, పొడికట్టెతో దాని స్విచ్చు నొక్కాడు. బోర్డులో కొత్త స్విచ్చు ఠక్కున పడిపోయింది. కుళ్లాయమ్మ ఉలిక్కిపడింది.

"చెడిపోయిందా సామీ?"

"లేదమ్మా. ఇది బాగుంది."

ఆ మాట తర్వాత అతను ఎవరి ముఖమూ చూడలేదు. గ్రైండరు వైరు చుట్టి, మెకానిక్కు దగ్గరికి పంపడానికి దాన్ని గుమ్మం దాకా ఈడ్చి పెట్టాడు.

మధ్యాహ్నం వడలకు పిండి ఇంకా కాలేదు. వెనక వసారాలో పాత రోలు ఉంది. సుంకులమ్మ మామూలుగానే కొంగు బిగించి అటు నడిచింది.

"నువ్వు కూచో," అంది అవ్వ.

సుంకులమ్మ ఆగి అటూ ఇటూ చూసింది. అంత పెద్ద వంటశాలలో ఆమె కూర్చోడానికి ఒక చోటు లేదు. చివరికి కట్టెల పక్కన బోర్లించిన గంప మీద కూర్చుంది. అలవాటు లేని పని చేస్తున్నట్టు అంచున కూర్చుంది.

శశిభూషణ్ రోలు కడిగాడు. చెదిరిన పప్పు ఏరి, కడిగి తెచ్చి రోట్లో వేశాడు. మందిరం నుంచి మైకు వినిపించింది.

"ఇప్పుడు శశిభూషణ్ గారు ధర్మం గురించి మాట్లాడతారు. శశిభూషణ్ గారు ఎక్కడున్నా వేదిక మీదికి రావాలి."

అవ్వ అతని వైపు చూడలేదు. మైకు ఇంకోసారి పిలిచింది. తర్వాత ఎవరో తత్వం ఎత్తుకున్నారు.

సుంకులమ్మ గంప మీంచి లేచింది. గుమ్మానికి ఆనించిన పీట తెచ్చి, కొంగుతో ఒకసారి తుడిచి, రోటి పక్కన వేసింది.

"నేల తడిగా ఉండాది సామీ. దీనిమీద కూచో."

పీట నల్లగా నానిపోయి ఉంది. నడుమ రెండు పాదాల మేర మాత్రం కొయ్య అరిగి, తెల్లగా గుంటలు పడింది.

శశిభూషణ్ వాటిని చూశాడు. తర్వాత పీటను రెండు చేతులా ఎత్తి గోడ వారగా పెట్టి, తడి నేల మీద కూర్చుని పొత్రం పట్టుకున్నాడు.