మీటరు పెరగని కారు

కాకినాడలో ఐసు ఫ్యాక్టరీ నడిపే బులిరాజు, తన కారుని జనం కొత్తది అనాలని ఎంత తిక్క పనైనా చేసేవాడు.

అది అలాంటిలాంటి కారు కాదండి. అమెరికా కారు. డెబ్భైల్లో పోర్టులో పనిచేసిన దొర ఒకాయన ఓడ మీద దింపించుకుని, వెళ్లిపోతూ బులిరాజు నాన్నకి అమ్మేశాడు. రెండే తలుపులు. స్టీరింగు ఎడం పక్కన. పండుమిరపకాయ ఎరుపు, బానెట్టు మీద రెండు నల్ల చారలు. ఆ బానెట్టు ఎంత పొడుగంటే, ముందు చక్రాలు సందు మలుపు తిరిగాక వెనక సీట్లోవాళ్లు తిరిగేలోపు కాఫీ తాగి రావచ్చు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్టు చేస్తే జగన్నాథపురంలో అటకల మీద గిన్నెలు దిగొచ్చేవి. గట్టిగా తొక్కాడంటే, దాని నీడ దాన్ని అందుకోడానికి సామర్లకోట దాకా పరిగెత్తాల్సిందే.

బులిరాజు రోజూ దాన్ని మెత్తటి పంచెతో తుడిచేవాడు. చినుకు పడితే గొడుగు కారుకి పట్టి తను తడిసేవాడు. అంతా బాగానే ఉంది గానీ, ఎంత దూరం తిరిగిందో చూపించే మీటరు మీద ఒక్క నంబరు కదిలితే ఆయన గుండె జారిపోయేది.

"ఎక్కువ తిరిగిందంటే ముసలిదంటారే అచ్చాయమ్మా!" అని పెళ్లాం దగ్గర వాపోయేవాడు.

ఒకరోజు ఇంటి ముందు కారు వెనక్కి తీస్తుంటే, మీటరు కూడా వెనక్కి తిరగడం చూశాడు. ఇంకేముంది! ఆనాటి నుంచీ ఎక్కడికైనా వెళ్లేటప్పుడు ముందుకి, వచ్చేటప్పుడు వెనక్కి. అన్నవరం నుంచి వెనక్కి. భద్రాచలం నుంచి ఘాట్‌రోడ్డులో కూడా వెనక్కే! మీటరు మాత్రం ఉన్నచోటే ఉండేది.

పక్క సీట్లో అచ్చాయమ్మ నెత్తి కొట్టుకునేది. "అందరి మొగుళ్లూ పెళ్లాలకి రాబోయే ఊరు చూపిస్తారు. నాకేమో దాటిపోయిన ఊళ్లే!"

ఆయన మెడ వెనక్కి తిరగడానికి ఎంత అలవాటు పడిపోయిందంటే, సెలూన్లో గడ్డం గీసేటాయన కుర్చీ చుట్టూ ప్రదక్షిణాలు చెయ్యాల్సొచ్చేది.

ఆ ఏడు బీచి రోడ్డులో పాత కార్ల పోటీ పెట్టారు. నిలువెత్తు కప్పు. బులిరాజు ఆగలేదు. ఆటోకి మైకు కట్టించి "కప్పు మనదే!" అని ఊరంతా చాటించేశాడు. వరండాలో కప్పు పెట్టడానికి టేకు బల్ల కూడా చేయించేశాడు. ఇక అది రాకపోతే కాకినాడలో తలెత్తుకు తిరిగే దారి లేదు.

పోటీకి కరప నుంచి తాతబ్బాయి తన తెల్ల అంబాసిడర్ తెచ్చాడు. "మా బండి మీటరు చివరిదాకా తిరిగి మళ్లీ మొదలెట్టిందండి రాజుగారూ!" అన్నాడు మురిసిపోతూ.

"అయితే దాన్ని పోటీకెందుకు తెచ్చావయ్యా, పింఛనుకి పంపించు," అన్నాడు బులిరాజు.

విశాఖ నుంచి జడ్జిగా వచ్చిన కమలినిగారు ఎర్ర కారు చుట్టూ తిరిగారు. తలుపు మెరుపులో చూసుకుని బొట్టు సరిచేసుకున్నారు. "ఇంత ముద్దుగా ఉంచినవాళ్లని నేను చూళ్లేదండి. ఒకసారి లైట్‌హౌస్ దాకా వెళ్లి రండి."

బులిరాజు రయ్యిమని వెళ్లాడు. లైట్‌హౌస్ దగ్గర ఆగాడు. ముందుకే తిరిగొస్తే మీటరు పెరుగుతుంది. అదీ పోటీ రోజున, జడ్జి కళ్ల ముందు! ఇంకేం ఆలోచించలేదు. మెడ తిప్పి, రివర్సు గేరేసి తొక్కాడు. చేపల బుట్టలవాళ్లు ఇసకలోకి దూకారు. కారు వెనకడుగున దూసుకొచ్చి జడ్జిగారి చెప్పుల ముందు ఆగింది.

"గేరు పాడైందా అండీ?" అన్నారావిడ కంగారుగా.

"పాడవడమేంటమ్మా! మీటరు పెరగకుండా మేం ఇలాగే తెస్తాం. చూసుకోండి, మా నాన్న కొన్నప్పుడెంతుందో ఇప్పుడూ అంతే!" బులిరాజు ఛాతీ పొంగిపోయింది.

"మరి అసలు ఎంత తిరిగుంటుంది?"

"ఎంత తిరిగిందని చెప్పమంటారమ్మా?" పక్క సీట్లోంచి అచ్చాయమ్మ అందుకుంది. "పెళ్లైన దగ్గర్నుంచీ పుణ్యక్షేత్రాలన్నీ ఇందులోనే. మా చెల్లెళ్ల పురుళ్లకీ ఇందులోనే."

కమలినిగారు పెన్ను మూసేశారు. "అయ్యో రాజుగారూ! ఈ కప్పు బాగా తిరిగి కూడా చెక్కుచెదరని కారుకండి. అన్ని ఊళ్లు తిరిగినా గీత పడకుండా చూశారని మీటరు చెప్పుంటే, కప్పు మీకిచ్చేసి ఇంటికెళ్లిపోయేదాన్ని. కానీ పోటీలో మాటలు కాదు, మీటరే లెక్క. మీ మీటరేమో ఈ కారు గడప దాటలేదంటోంది. కదలని కారు కొత్తగా ఉంటే అందులో మీ గొప్పేముంది?"

"తిరిగిందమ్మా! ఒట్టు, బోలెడు తిరిగింది!" బులిరాజు బీచిలో కనబడ్డవాడినల్లా పట్టుకున్నాడు. "నువ్వు చూశావుగా? చెప్పవయ్యా!"

"చూశాం రాజుగారూ. కానీ తిరిగిందంతా మీరే చెరిపేసుకున్నారు కదండీ!" అన్నారంతా పొట్ట పట్టుకుని నవ్వుతూ.

కప్పు తాతబ్బాయికే వెళ్లింది. అతను మంచివాడు. కప్పు నిండా గోలీసోడా పోయించి మొదటి గుక్క బులిరాజుకే ఇచ్చాడు. బులిరాజు తాగాడు. ముక్కులోకి ఎక్కిన సోడాకి ఏడుస్తున్నాడో, తన తెలివికి నవ్వుతున్నాడో ఆయనకే తెలీలేదు.

పడ్డ కష్టాన్ని నామోషీ అనుకుని చెరిపేసుకుంటే, దానికి రావాల్సిన మెప్పు కూడా దాంతోపాటే చెరిగిపోతుంది.