దీపం కొండెక్కింది

పాలవాగు ఒడ్డున ఒక అడవి ఉండేది. వాగు పేరే అడవికీ వచ్చింది. అందులో ఏనుగులు, దుప్పులు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు, ముళ్ళపందులు, గట్టు బొరియల్లో నీటికుక్కలు కాపురముండేవి. అడవి చివర ఒక కొండ. కొండకొమ్మున స్వామివారి రాయి. ఆ స్వామికి గుడి లేదు, గోపురం లేదు. ఎండా వానా ఆయన నెత్తిమీదే. అయినా ఆయనకు ఒక దణ్ణం పెట్టుకోకుండా ఆ అడవిలో ఏ ప్రాణీ మేతకు కదిలేది కాదు.

ఏటా కార్తీక పౌర్ణమినాడు అక్కడ పెద్ద పందెం జరిగేది. అది మూడు పందేలు కలిపి వేసిన ముడి పిల్లలూ. ముందు పాలవాగు ఈదాలి. తడి ఆరకముందే రెల్లుగడ్డి మైదానం పొడవునా పరుగెత్తాలి. మైదానం దాటితే కొండపాదం. అక్కడ ముళ్ళపంది సూదమ్మవ్వ దీపం పెట్టుకొని కూర్చుంటుంది. ఆ దీపంతో ఎవరి ప్రమిద వాళ్ళు వెలిగించుకొని, చిన్న ఉట్టిలో పెట్టి, ఉట్టిని నోట కరచుకొని కొండమీదికి వెళ్ళాలి. ఎవరి దీపం ముందుగా స్వామి ఎదుట నిలిస్తే వాళ్ళదే గెలుపు.

గెలిస్తే ఏమొస్తుందంటారా? తేనెమడుగులో మొదటి వంతు వస్తుంది. ఎండాకాలం వాగు ఎండిపోతే అడవికంతటికీ ఆ మడుగే దిక్కు. మొదటి వంతువాళ్ళు తేటనీళ్ళు తాగుతారు. చివరివాళ్ళకు మిగిలేది బురద. కిందటి వేసవిలో దుప్పులది చివరి వంతు. బురద తాగి వాటి కూనలు మంచాన పడ్డాయి. మంచమెక్కడిదని అడక్కండి, మాటవరసకు అన్నాను.

అందుకే రివ్వన్న అనే పడుచు దుప్పి ఈసారి గెలిచి తీరతానని మందకు మాటిచ్చాడు.

పందెంలో దిగింది ముగ్గురే. రివ్వన్న, బుడుంగి అనే నీటికుక్క, బొంతయ్య అనే ఎలుగుబంటి. ముగ్గురూ ప్రాణస్నేహితులు. వానాకాలమంతా కలిసే సాధన చేశారు. బుడుంగి ఈత నేర్పింది. బొంతయ్య రాళ్ళమీద కాలు ఎక్కడ ఆనించాలో చూపించాడు. రివ్వన్న పరుగు నేర్పాడు. ఇచ్చిపుచ్చుకోవడమంటే అదీ.

రివ్వన్నలో బలముంది, మంచితనముంది. కానీ ఎవరి మాటా చివరిదాకా వినడు. మీరు సగం చెప్పేసరికి మిగతా సగం తనకు తెలుసనుకుంటాడు. బుడుంగి "మునిగేముందు ఊపిరి..." అనేలోపే వాగులో దూకేవాడు. ముక్కులోకి నీళ్ళెక్కి దగ్గుతూ తేలేవాడు. చెవులు చాటలంత, వినికిడి చిటికెడంత అని బొంతయ్య ఆటపట్టించేవాడు.

పందెం రోజు వచ్చింది. ముగ్గురూ వాగుగట్టున నిలబడి స్వామికి దణ్ణం పెట్టుకున్నారు. రివ్వన్న బుడుంగి పొట్టికాళ్ళవైపు చూసి నవ్వాడు.

"నువ్వు మైదానం దాటేలోగా నేను పైకి వెళ్ళి, ప్రసాదం తిని, ఒక కునుకు కూడా తీస్తాను."

"తియ్యి బావా. లేపడానికి నేనొస్తాగా," అంది బుడుంగి.

గజరాజు ఘీంకరించింది. ముగ్గురూ నీళ్ళలో దిగారు.

వాగు మంచి పోటుమీద ఉంది. బుడుంగికి అది పుట్టిల్లు, చూస్తుండగానే ఆవలి ఒడ్డు చేరింది. రివ్వన్న ఆమె నేర్పినట్టే ప్రవాహానికి ఏటవాలుగా ఈది గట్టెక్కాడు. అప్పటికే ఆమె తడి అడుగులు రెల్లుగడ్డిలోకి వెళ్ళి మాయమయ్యాయి. రివ్వన్న గాలితో పందెం వేసినట్టు పరుగెత్తాడు. ఆ గడ్డి బుడుంగి కంటే ఎంతో ఎత్తు. సగం దారిలో తాను ఆమెను దాటిపోయాడన్న సంగతి అతనికి తెలియనే తెలియదు. ఇంకా ముందే ఉందనుకున్నాడు. బొంతయ్య ఎక్కడో వెనక రొప్పుతూ వస్తున్నాడు.

కొండపాదం చేరాడు. చూస్తే అవ్వ ముందు దీపం లేదు.

జరిగిందేమిటంటే, అంతకుముందే ఒక సుడిగాలి వీచింది. అవ్వ ప్రమిదను ఒడిలోకి తీసుకొని వత్తి సరిచేస్తోంది. ఆమె ముళ్ళ చాటున అది రివ్వన్నకు కనిపించలేదు.

"అవ్వా, దీపమేది?"

"కొండెక్కింది నాయనా," అంది అవ్వ దిగులుగా.

మీలో కొందరు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి కానీ పక్కవాళ్ళకు చెప్పకండి.

"ఎంతసేపైంది?"

"ఇదిగో, నువ్వొచ్చే ముందే. కాస్త కూర్చో, నేను..."

కూర్చోవడానికి రివ్వన్న అక్కడుంటే కదా. బుడుంగి ముందుగా వచ్చి, వెనకవాళ్ళకు నిప్పు దొరక్కుండా అవ్వ దీపాన్నే పట్టుకుపోయిందని అతనికి తోచింది. పందెం చూడవచ్చిన కుందేళ్ళతో, ఆ నీటికుక్క దొంగ అని చెప్పి మరీ పోయాడు. ఖాళీ ఉట్టి నోట కరచుకొని, రాయి మీంచి రాయికి దూకుతూ కొండకొమ్ముకు చేరాడు.

పైన స్వామి ఉన్నాడు. ఆయన ముందు దీపం లేదు. బుడుంగి లేదు.

పొదలు వెతికాడు, బండల సందులు వెతికాడు. వెనకదారిలో దాక్కుందేమోనని అటు దిగి, కొండ చుట్టూ తిరిగాడు. కాళ్ళు పీకుతున్నాయి. బురద తాగిన కూనల మొహాలు కళ్ళముందు మెదిలాయి. అలసిపోయి మళ్ళీ ముందుదారికి వచ్చేసరికి, కింద రెండు దీపాలు మెల్లగా పైకి వస్తూ కనిపించాయి.

ఒకటి బుడుంగిది, ఒకటి బొంతయ్యది. బొంతయ్య గాలి వచ్చే పక్కన నడుస్తున్నాడు, అతని బొచ్చు చాటున రెండు దీపాలూ నిలకడగా వెలుగుతున్నాయి. ఇద్దరి మొహాలనిండా బూడిద. రివ్వన్న దారికి అడ్డంగా నిలబడి, అవ్వ దీపం ఎక్కడ దాచావని అడిగాడు.

బుడుంగి ఉట్టిని ఒక బండమీద పెట్టింది. కుందేళ్ళు కిందే ఆమెకు అంతా చెప్పేశాయి.

"దీపం ఆరిపోయిందని అవ్వ నోట వస్తుందా బావా? దీపమంటే లక్ష్మి. ఆ మాట అశుభమని పెద్దవాళ్ళు కొండెక్కిందంటారు. సుడిగాలికి దీపం ఆరింది. ఆమె చెప్పింది అదే."

రివ్వన్న తన ఖాళీ ఉట్టివైపు చూసుకున్నాడు.

"కుంపటిలో నివురు కింద నిప్పుంది, ఊదిపెట్టమని అవ్వ అడిగింది. నిన్నే ముందు అడగబోయిందట, నువ్వు ఆగలేదు. మేము ఊదాం. బొంతయ్య మామ ఊపిరికి బూడిదంతా మా మొహాలమీద పడింది."

ఉట్టి నోట్లో ఉండటంవల్ల బొంతయ్య "ఊఁ" అని మాత్రం అన్నాడు.

"నా పొట్టికాళ్ళను ఎగతాళి చేస్తే నవ్వుకున్నాను," అంది బుడుంగి. "దొంగనన్నావే, అది మాత్రం తగిలింది."

ఆమె మళ్ళీ ఉట్టి అందుకుంది. రివ్వన్న పక్కకు తప్పుకొని దారిచ్చాడు.

కిందికి దిగి ప్రమిద వెలిగించుకున్నాడు. పాత అలవాటు కదా, మళ్ళీ పరుగెత్తాడు. ఆ పరుగు గాలికి అతని దీపమూ కొండెక్కింది. అంటే తెలుసుగా ఇప్పుడు? సిగ్గుపడుతూ అవ్వ దగ్గరికి తిరిగివచ్చాడు. ఈసారి అవ్వ చెప్పిందంతా విని, అడుగులో అడుగేసుకుంటూ నడిచాడు.

అతను పైకి చేరేసరికి సాయంత్రమైంది. స్వామి ఎదుట బుడుంగి దీపం మొదట, బొంతయ్య దీపం తర్వాత వెలుగుతున్నాయి. రివ్వన్న తన దీపాన్ని చివర పెట్టాడు. తర్వాత అందరూ వినేలా, బుడుంగిని దొంగ అనడం తన తప్పని ఒప్పుకున్నాడు. పందెం పోయిందని మందకు చెప్పడం అంతకంటే కష్టమైంది. అయినా చెప్పాడు.

వేసవి వచ్చింది. తేనెమడుగులో నీటికుక్కలది మొదటి వంతు. ఎలుగుబంట్లది రెండోది. దుప్పులు దాహంతో గట్టుమీద వరసలో నిలబడ్డాయి. అప్పుడు బుడుంగి చేపను నోట కరచుకొని నీళ్ళలోంచి తలెత్తింది.

"బావా, రా..." అంది. చేప గిలగిలా కొట్టుకొని మాటకు అడ్డం పడింది.

రా అన్న మాట వినగానే కూనలు ముందుకు ఉరికాయి. రివ్వన్న కొమ్ములు అడ్డం పెట్టి వాటిని ఆపాడు.

"ఆగండర్రా. మాట ఇంకా పూర్తికాలేదు."

బుడుంగి చేపను వదిలేసి, "వద్దు," అని ముగించింది. "ఆ గట్టు లోపల గుల్లయింది. రాళ్ళవైపు నుంచి రండి. అటు నీళ్ళు మేమెవరమూ కదపలేదు, మీ కూనలకోసం తేటగా ఉంచాం."

ఆమె అంటుండగానే, కూనలు కాలు పెట్టబోయిన చోట గట్టు విరిగి దభీమని మడుగులో పడింది.

రివ్వన్న కొండవైపు తిరిగి ఒక దణ్ణం పెట్టాడు. కూనలను వెంటపెట్టుకొని రాళ్ళవైపు నడిచాడు. అవి కడుపునిండా తేటనీళ్ళు తాగాయి.

నీతి: మాటను చివరిదాకా విన్నవాడే దారి చివరిదాకా వెళ్ళగలడు.